కుసుమ టీచరు, ట్యాబులో ఎర్ర చుక్క

మా క్యాంపులో పేరున్న మనుషులెవరని అడిగితే మావాళ్ళు ముందు రైసుమిల్లు వాళ్ళ పేరు చెబుతారు. తరవాత పంచాయతీ అధ్యక్షుడి పేరు చెబుతారు. ఆ తరవాత, నేను అక్కడే కూర్చుని ఉంటే, మర్యాదకు నా పేరు చెబుతారు. నన్నడిగితే మాత్రం మొదటి పేరు కుసుమ. మా అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే గదిలో, పసిపిల్లల మధ్య చాప మీద కూర్చున్న మనిషి. ఆవిడ గురించి ఇంతవరకూ ఎవరూ నాలుగు మాటలు రాయలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నేనెవరినో కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ మాటలకు విలువేముందని అడుగుతారు. నా పేరు బాపయ్య. వయసు డెబ్భై తొమ్మిది. తుంగభద్ర కాలువ నీళ్ళు ఈ నల్లరేగడి మీదికి వస్తున్న రోజుల్లో మా నాన్న గుంటూరు జిల్లా విడిచి ఇక్కడ రాయచూరు వైపు పొలం పట్టాడు. అలా వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే క్యాంపులంటారు. ఎద్దులతో పాటు లారీలో నిలబడి వచ్చాను. చదువు మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి. ఆ ఎనిమిదితోనే కన్నడం చదవడం, రాయడం నా అంతట నేను నేర్చుకున్నాను. బస్సుల మీది ఊళ్ళ పేర్లే నాకు వాచకం. క్యాంపుకు బడి కావాలని తాలూకా ఆఫీసుకు కన్నడంలో అర్జీ రాసింది నేను. ఉపకాలువ మీద వంతెన కోసం పదకొండుసార్లు తాలూకా ఊరు మాన్వికి తిరిగింది నేను. అంగన్‌వాడీకి మా దొడ్డి పక్కన మూడు సెంట్ల జాగా ఇచ్చింది నేను. క్యాంపులో ఎవరి కళ్ళంలోనైనా రాశి కొలవాలంటే కుంచం నా చేతికే ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే నా చేతిలో గింజ పక్కకు పోదు. ఇప్పుడు మిషన్లు కోస్తున్నాయి, తూకాలు వేస్తున్నాయి. అయినా విత్తనపు వడ్లు నేటికీ నేనే కొలుస్తాను.

ఇవన్నీ చేశాను కాబట్టి పని విలువ నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను, కుసుమ చేసినదాని ముందు నావి చిన్నవి.

కుసుమ మా కోటి కూతురు. నేనూ కోటీ ఒకే లారీలో వచ్చినవాళ్ళం కాబట్టి ఆ పిల్ల నన్ను బాబాయ్ అంటుంది. పుట్టింది ఈ క్యాంపులోనే. కవితాళలో పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివింది. రోజూ కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయి వచ్చేది. వానకు గట్టు రేగడి చక్రాలకు పట్టేస్తే సైకిలు భుజాన పెట్టుకుని వచ్చేది. పెళ్ళయ్యాక కూడా ఊరు మారలేదు. ఆమె భర్త రంగా కోత మిషన్లు బాగుచేస్తాడు. నోట్లో నుంచి రోజుకు పది మాటలు రావు. ఆ ఇంటికి సరిపడా మాటలు కుసుమే మాట్లాడుతుంది.

తొంభై తొమ్మిదిలో అంగన్‌వాడీ వచ్చింది. కన్నడం తప్పుల్లేకుండా రాయగల ఆడపిల్ల అప్పటికి క్యాంపులో ఈమె ఒక్కతే. ట్రాక్టరు మీద మాన్వికి ఇంటర్వ్యూకి తీసుకుపోయింది నేనే. పిల్లలు ఏడిస్తే ఏం చేస్తావని లోపల అడిగారట. ఎందుకు ఏడుస్తున్నారో చూస్తాను అని చెప్పిందట. బయటికి వచ్చి నాతో ఆ మాట చెబితే, ఇంత చిన్న జవాబుకు ఉద్యోగం ఎవరిస్తారులే అనుకున్నాను. ఇచ్చారు.

మొదటిరోజు ఆరుగురు పిల్లలు వచ్చారు, అదీ ఉప్మా వాసనకు. ఇప్పుడు ఇరవై ఎనిమిది మంది. సగం మంది క్యాంపు పిల్లలు, సగం మంది కాలువ అవతలి వాడలోని కూలీల పిల్లలు, గొర్రెల కాపర్ల పిల్లలు. తల్లులు నాట్లలోనో కలుపులోనో ఉంటే పిల్లలు కుసుమ దగ్గర ఉంటారు. ఆ చాప మీద కూర్చున్నవాళ్ళలో ఒకడు ఇప్పుడు హట్టి బంగారు గనిలో మెకానిక్కు. ఒకమ్మాయి రాయచూరులో నర్సు. ఇద్దరు బడి టీచర్లు. మా చిన్నకోడలు పావని కూడా ఆ చాప మీది పిల్లే.

కుసుమకు మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పిల్లలు వెళ్ళాక, ఆ రోజు ఎవరిలో ఏం కొత్తది చూసిందో ఒక నోటుబుక్కులో ఒక వరస రాసేది. డిపార్టుమెంటు అడిగిన పుస్తకం కాదది, సొంతానికి. మా పావని పేరు మీద ఒక వరస ఉంది: ఇవాళ చెప్పులు ఎడమది ఎడమకు, కుడిది కుడికి వేసుకుంది, ఎవరూ చెప్పలేదు. అంతే. ఎవరూ చెప్పలేదు అన్నది చాలా వరసల్లో ఉంటుంది. పిల్ల తనంతట తాను చేసిందే రాయాలి, పక్కన నిలబడి చేయించింది రాయకూడదని ఆవిడ పట్టు. నేర్పే రోజు వేరు, చూసే రోజు వేరు అంటుంది.

మూడేళ్ళ కింద ట్యాబు వచ్చింది. మా వైపు కొన్ని కేంద్రాలకు ముందుగా ఇచ్చారు. అందులో ఒక యాప్. ప్రతి పిల్లకూ ఒక పేజీ, పైన ఫొటో, కింద కన్నడంలో ఇరవై ఐదు ప్రశ్నలు. పది వస్తువులు లెక్కపెట్టగలదా, రంగులు గుర్తుపడుతుందా, కథ విని రెండు మాటలు తిరిగి చెబుతుందా, ఒంటికాలి మీద నిలబడుతుందా, ఇట్లాంటివి. పిల్లకు వస్తే పచ్చ చుక్క, ఇంకా రాకపోతే ఎర్ర చుక్క. కొన్నిటికి అర నిమిషం వీడియో కూడా తీసి పెట్టాలి. ఆ వీడియోలను బెంగుళూరులో కూర్చుని ఎవరో చూసి, టీచరు పెట్టిన చుక్క సరైనదో కాదో తేలుస్తారు.

మిగతా కేంద్రాల్లో టీచర్లు తల పట్టుకున్నారు. కుసుమ పట్టుకోలేదు. మొదటి వారం ఆ అద్దం ఆవిడ వేలికి పలకలేదు, ఎందుకంటే పిల్లల చేతులు కడిగి కడిగి వేళ్ళు ఎప్పుడూ తడిగా ఉండేవి. ఆయా మారెవ్వ ఒక పాత తువ్వాలు ముక్క కత్తిరించి ట్యాబుకు కట్టింది. ఆ తరవాత పలికింది. రెండో నెలకల్లా మా తాలూకాలో ఇరవై ఎనిమిది పేజీలూ నిండుగా పంపిన కేంద్రం మాదే. అది సూపర్‌వైజరు కృష్ణాబాయి మీటింగులో అందరి ముందూ చెప్పింది. నేను ఆ మీటింగుకు వెళ్ళలేదు, కానీ నాకు తెలుసు.

ఇంత బాగా నడుస్తున్నచోట, మా లహరి దగ్గర వచ్చింది చిక్కు.

లహరి నా మనవరాలు, పావని కూతురు. అప్పటికి ఐదున్నరేళ్ళు. జనవరి నెల చివర ఒక సాయంత్రం నేను వసారాలో విత్తనపు వడ్లు కొలుస్తున్నాను, లహరి పక్కన కూర్చుని నాతో పాటు లెక్క చెబుతోంది. కుసుమ చెప్పులు విడిచి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"బాబాయ్, లహరికి ఎర్ర చుక్క పడింది."

"ఎందులో?"

"లెక్కలో."

నేను కుంచం దించలేదు. "మా లహరికి లెక్కలోనా. వందదాకా చెబుతుంది. కావాలంటే ఇప్పుడే అడుగు."

"నాకు తెలియదా. నేను పచ్చే పెట్టాను. పైవాళ్ళు తీసేసి ఎర్ర పెట్టారు. పిల్ల ఒకటి అనకుండా రెండుతో మొదలుపెట్టింది అని రాశారు."

నాకు అప్పుడు అర్థమైంది. మేము రాశి కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనం. లాభం అంటాం. లాభం, రెండు, మూడు, నాలుగు, అలా పోతుంది లెక్క. మా తాత అలాగే అన్నాడు, మా నాన్న అలాగే అన్నాడు. లహరికి మాటలు వచ్చింది నా రాశి పక్కనే. దానికి లెక్క అంటే లాభంతోనే మొదలు.

"లాభం అని ఉంటుందిగా" అన్నాను.

"అంది. చూసేవాళ్ళకి ఆ మాటేంటో తెలిస్తేగా. నోట్లో ఏదో గొణిగిందనుకున్నారు."

"మా ఆచారం ఇదీ అని రాయొచ్చుగా మరి."

"రాశాను బాబాయ్. రాసే గడి ఉంది గానీ, అది ఎవరూ తెరిచినట్టు లేదు." కుసుమ లహరి జడ సర్దుతూ అంది. "దీనికి కుర్చీలైనా లాభమే, గుడ్లైనా లాభమే. ఒకటి అనమ్మా అంటే ఏమందో తెలుసా. ఒకటి అంటే రాశి తరుగుద్ది టీచర్, మా తాతయ్య చెప్పాడు అంది. నువ్వే ఒక మాట చెప్పు. రాశి దగ్గర లాభం, బడిలో ఒకటి అని. నువ్వు చెబితే వింటుంది, నెమ్మదిగా అలవాటవుద్ది."

నాకు కోపం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అరవై ఏళ్ళ నుంచీ కొలుస్తున్నాను. ఏ రాశి ముందూ ఒకటి అనలేదు. ఇప్పుడు ఫోనులో చుక్క కోసం పిల్లకు ఆచారం మాన్పించమంటావా."

"ఫోను కాదు, ట్యాబు."

"ఏదైతే ఏంటి."

"సరే, నీ ఇష్టం" అని కుసుమ లేచింది. వాకిలి దాటబోతూ ఆగింది. "వరసగా మూడు నెలలు ఎర్ర ఉంటే పేరు వేరే జాబితాలోకి పోద్ది బాబాయ్. రాయచూరు తీసుకెళ్ళి పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష పూర్తయ్యేదాకా ఒకటో తరగతికి పంపరు. ఇంకో ఏడాది నా దగ్గరే ఉంటుంది. నాకైతే సంతోషమే, కానీ దానికి వచ్చినదాన్ని రాలేదని రాసి ఉంచడం నాకిష్టం లేదు."

ఫిబ్రవరిలో రెండో ఎర్ర చుక్క పడింది. నేను చెప్పలేదు, లహరి మానలేదు. మార్చిలో పావని చెవిన ఆ జాబితా మాట పడింది. ఇంట్లో పెద్ద గొంతుతో ఎవరూ ఏమీ అనలేదు గానీ, పావని నాకు మజ్జిగ గ్లాసు పెట్టే తీరు మారింది. ఒకరోజు మా చిన్నబ్బాయి లోకనాథ్ అన్నాడు, "నాన్నా, దాన్ని మందబుద్ధుల వరసలో రాస్తారంట, నీకు బాగానే ఉందా."

నాకు బాగాలేదు. అయితే కుసుమ దగ్గరికి వెళ్ళి నీ మాటే నిజమని చెప్పడం కూడా నాకు చేతకాలేదు. ఇక మార్చి ఆఖరి పనిరోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి యాప్ మూసేస్తారు. ఆ రోజు కృష్ణాబాయి స్వయంగా వచ్చి చూస్తుందని, ఆమె కళ్ళతో చూసి పెట్టిన చుక్కను పైవాళ్ళు మార్చరని మారెవ్వ ముందురోజే చెప్పింది. ఆ ముందురోజు సాయంత్రమే లహరిని వసారాలో కూర్చోబెట్టుకుని, బడిలో మేడం ముందు ఒకటి అంటే రెండు పల్లీ ఉండలు ఇస్తానన్నాను.

"రాశి తరగదా తాతయ్యా?"

"గ్లాసులకు తరగదు. వడ్లకే తరుగుద్ది."

కాసేపు ఆలోచించి, "మూడు ఉండలు" అంది. బేరం తెలిసిన పిల్ల. ఒప్పుకున్నాను. పడుకునేలోపు పదిసార్లు అనిపించాను.

మర్నాడు మధ్యాహ్నం రెండూ ముప్పావుకు కృష్ణాబాయి స్కూటరు మీద వచ్చింది. ఆమె ఊరు మట్మారి. రాయచూరు పాత తెలుగు మాట్లాడుతుంది. పన్నెండు కేంద్రాలు చూడాలి, అది ఆ రోజుకు తొమ్మిదోది. హెల్మెట్టు తీయకుండానే లోపలికి వచ్చింది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జాగా ఇచ్చినవాణ్ణి, కూర్చోవద్దని ఎవరంటారు.

"పెద్దాయనా, మీ పిల్లదేనా గీ పంచాయతీ అంతా" అంది.

"పంచాయతీ ఏమీ లేదమ్మా. పిల్లకు వచ్చు, మీరే చూడండి."

మారెవ్వ చాప మీద పది స్టీలు గ్లాసులు వరసగా పెట్టింది. కుసుమ ట్యాబు పట్టుకుంది. లహరి గ్లాసుల ముందు కూర్చుని మొదటి గ్లాసు మీద వేలు పెట్టింది. గుమ్మం వైపు నన్ను చూసింది.

"ఒకటి" అంది.

తరవాత గడగడా పది దాకా చెప్పి, లేచి తిన్నగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఉండలు ఏవి తాతయ్యా. ఒకటి అన్నాగా."

మారెవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణాబాయి నవ్వింది. "అయిపాయె. పది చెప్పింది గద. పచ్చ పెడ్త" అని ట్యాబు అందుకుంది.

"ఆగండి మేడం" అంది కుసుమ.

నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నన్ను చూస్తోంది. "నిన్న నేర్పావా బాబాయ్?"

"నేర్పితే తప్పా. నేర్పడానికేగా బడి కట్టింది."

"తప్పు కాదు. జనవరిలో నేర్పమనే చెప్పాను. నిన్న సాయంత్రం నేర్పి ఇవాళ చూపిస్తే, అది పల్లీ ఉండల లెక్క అవుద్ది, లహరి లెక్క అవదు. నేను చూసింది వేరే."

కృష్ణాబాయి గడియారం చూసుకుంది. "కుసుమమ్మా, నాలుగింటికి బందయితది. పచ్చ వొస్తున్నది గద, రానియ్యరాదూ. నీకేం నొప్పి."

"రేపు ఒకటో తరగతిలో దీనికి ఎవరూ ఉండ ఇవ్వరు మేడం. మళ్ళీ లాభం అంటుంది. అక్కడి టీచరు దీనికి లెక్క రాదనుకుంటుంది, అంగన్‌వాడీ వాళ్ళు అబద్ధం రాసి పంపారనుకుంటుంది. రెండూ నిజం కాదు. అందుకని దీని లెక్క దీనిలాగే చూడండి. చూసి, కాదంటే ఎర్రే పెట్టండి."

చేతిలోకి వచ్చిన పచ్చ చుక్కను వద్దనే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అంతకుముందు అంటే, నా డెబ్భై తొమ్మిదేళ్ళలో.

కృష్ణాబాయి హెల్మెట్టు తీసి కింద పెట్టింది. "గట్లయితే చూపీయి. ఇంట్ల ఎట్ల లెక్క చేస్తదో."

కుసుమ మారెవ్వ చేత బియ్యం డబ్బా, ఒక ఖాళీ గిన్నె తెప్పించింది. "లహరీ, రేపు ఉప్మాకు రవ్వ లేదు, అన్నమే వండాలి. ఇందులో ఎన్ని గ్లాసుల బియ్యం ఉన్నాయో కొలిచి మారెవ్వకు చెప్పు" అని, పక్కకు జరిగింది. ఇంకేమీ చెప్పలేదు.

లహరి పావడా సర్దుకుని మఠం వేసుకుంది. గ్లాసు ముంచి, అంచు మీద అరచెయ్యి పెట్టి తలగొట్టింది, అచ్చం నేను చేసినట్టే. గిన్నెలో పోసింది. "లాభం" అంది. "రెండు. మూడు." గింజ కింద పడితే ఏరి డబ్బాలో వేసి మళ్ళీ ముంచింది. పది దాటింది. పదమూడు దాటింది. పద్నాలుగో గ్లాసు నిండలేదు. "పదమూడు గ్లాసులు, సగం" అంది మారెవ్వతో. "చాలవు. బస్తాలోంచి ఇంకా తియ్యాలి."

కృష్ణాబాయి ట్యాబు పట్టుకున్న చెయ్యి దించింది. ఆమె ఎప్పుడు వీడియో తీయడం మొదలుపెట్టిందో నేను చూడలేదు.

"లాభం అంటది" అంది నెమ్మదిగా. "మా నాయిన గూడ గిట్లనే. జొన్నరాశి కాడ మేమెవరన్న ఒకటి అంటే కుంచం కింద పెట్టి లేచిపోతుండె. నౌకరిల పడి నేను మర్సిపోయిన." తరవాత లహరిని పిలిచి, "ఏమే బిడ్డా, వీటిల మొదట పోసినది ఎన్నోది?" అని అడిగింది.

లహరి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఒకటోది. దాన్ని లాభం అంటారు. మీకు తెలీదా?"

కృష్ణాబాయి తన పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళి, పచ్చ పెట్టి, కింది గడిలో కన్నడంలో ఏదో రాసింది. నేను వెనక నిలబడి చదివాను, నాకు చదవడం వచ్చు కాబట్టి. ఈ ప్రాంతపు రైతు ఇళ్ళలో మొదటి కొలతను లాభ అంటారు, బిడ్డకు లెక్క వచ్చు, నేను స్వయంగా చూశాను, అని ఉంది. నేను జేబులోంచి పల్లీ ఉండలు తీశాను.

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మారెవ్వ గ్లాసులు ఏరుకుంటూ, ఎవరితోనో చెప్పినట్టు కాకుండా, గ్లాసులతో చెప్పినట్టు అంది.

"మంచిగైంది. తాత గుమ్మంల కూసున్న పిల్లకు పచ్చ వొచ్చె. మా హనుమేశుకు తాత లేడు. వానికి గొర్లున్నయి, అవి యాడ వొచ్చి చెప్తయి."

హనుమేశ్ మారెవ్వ కూతురి కొడుకు. లహరి ఈడువాడే. వాడి పేరు మీద కూడా రెండు నెలలుగా ఎర్ర ఉంది, అదీ పైవాళ్ళు పెట్టింది కాదు, కుసుమే పెట్టింది. బొమ్మల కార్డులు ఇచ్చి, కలిసి ఉండేవాటిని ఒకచోట పెట్టమంటారు. గొర్రె, ఆవు, కర్ర, గొంగడి. జంతువులు రెండూ ఒకపక్క, వస్తువులు రెండూ ఒకపక్క పెట్టాలి, జవాబు బొమ్మ అట్లాగే ఉంది. వాడు గొర్రె, కర్ర, గొంగడి ఒకచోట పెట్టి, ఆవును అవతలికి తోశాడు.

కుసుమ ట్యాబు తీసుకుని హనుమేశ్ పేజీ తెరిచింది. ప్రశ్నను మొదటి నుంచి చదివింది, పెదవులు కదులుతూ. మళ్ళీ చదివింది.

"మేడం, ఇక్కడ గుంపు చేసి ఎందుకో చెప్పగలడా అని ఉంది. నేను ఎందుకని అడగనే లేదు. జవాబు బొమ్మ చూసి ఎర్ర పెట్టేశాను." హనుమేశ్ వైపు తిరిగింది. "జనవరి నుంచీ లహరి గురించి తిరుగుతున్నాను. వీడి దగ్గర ఒక్క మాట అడగలేదు."

"యాల్లయితున్నది" అంది కృష్ణాబాయి. అప్పటికి మూడూ పది.

"ఇంకో ఆరుగురివి ఉన్నాయి ఇట్లా, వాడ పిల్లలవి. చూద్దాం మేడం. మీకు పుణ్యం ఉంటుంది. మిగతా మూడు కేంద్రాల వాళ్ళకి, వాళ్ళవి వాళ్ళే పంపేయమని నేను ఫోను చేసి చెబుతాను."

కృష్ణాబాయి నన్ను చూసింది. నేను, "చూడండమ్మా, కుర్చీ వేస్తాను" అన్నాను. నా కుర్చీ ఇచ్చి నేను నిలబడ్డాను.

హనుమేశ్ ముందు కార్డులు పరిచారు. వాడు మళ్ళీ అట్లాగే పెట్టాడు. "ఎందుకు నాయనా" అని అడిగింది కుసుమ.

వాడు తల దించుకున్నాడు. మారెవ్వ దూరం నుంచి, "చెప్పురా, నోరు లేదా" అంది. వాడు వేలు గొర్రె మీద పెట్టి అన్నాడు, "గొర్లెంట పోతే కర్ర ఉండాలె. సలికి గొంగడుండాలె. ఆవు మాది కాదు."

కృష్ణాబాయి పడీపడీ నవ్వింది. కుసుమ నవ్వలేదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, పచ్చ పెట్టింది.

అట్లా ఏడుగురినీ చూశారు. ఐదుగురికి చుక్క మారింది. ఇద్దరికి మారలేదు. ఒక పిల్లకు రంగులు నిజంగానే ఇంకా రాలేదు, ఇంకొకడు కథ మొదట్లోనే లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆ రెండూ కుసుమ ఎర్రగానే ఉంచింది. "ఇవి సరైన ఎర్రలు. వీటి మీద నేను పని చేయాలి" అంది. ఆ ఇద్దరి తల్లులతో ఏం మాట్లాడాలో అప్పుడే చెయ్యి మీద పెన్నుతో రాసుకుంది.

మూడూ నలభైకి అన్నీ ఎక్కించబోతే సిగ్నలు లేదు. గదిలో ఎప్పుడూ అంతే. కాలువ గట్టు మీద అయితే వస్తుంది. కుసుమ ట్యాబు పట్టుకుని గట్టు ఎక్కింది, వెనక కృష్ణాబాయి, ఆ వెనక నేను. నా మోకాళ్ళతో ఆ గట్టు ఎక్కి రెండేళ్ళయింది. ఎక్కాను.

ఒక్కో పేజీ వెళ్ళడానికి మూడు నిమిషాలు పడుతోంది, వీడియోలున్నాయి కదా. ఐదు పేజీలు, లహరిది ఆరోది. ఇరవై నిమిషాలు లేవు. కుసుమ వేలు జాబితా మీద ఆగింది. పైన లహరి పేరే ఉంది. ఆవిడ దాన్ని దాటి కిందికి వెళ్ళి, హనుమేశ్ పేరు నొక్కింది.

గుండ్రం తిరుగుతోంది. నేను నా మనవరాలి పేరు చూస్తూ నిలబడ్డాను. ఏదైనా అందామని నోరు తెరిచాను. కింద గది గుమ్మంలో మారెవ్వ నిలబడి చూస్తోంది. నోరు మూసుకున్నాను.

"హనుమేశుది పోయిందా?" కింది నుంచి మారెవ్వ అరిచింది.

"పోయింది" అంది కుసుమ.

తరవాత వాడలోని నలుగురివీ ఒక్కొక్కటే పోయాయి. చివరిది పోయేసరికి నాలుగుకు మూడు నిమిషాలు. లహరి పేజీ నొక్కింది. గుండ్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. కృష్ణాబాయి తన ఫోనులో గడియారం చూస్తోంది. నాలుగు కొట్టడానికి కొద్దిగా ముందు పచ్చ టిక్కు పడింది. పావని అక్కడ లేకపోబట్టి గానీ, ఉంటే ఏడ్చేది. నేను ఏడవలేదు, గట్టు మీద గాలి ఎక్కువగా ఉంది.

కృష్ణాబాయి స్కూటరెక్కి వెళ్ళిపోయింది. ఆ పై నెలలో ఆమె పన్నెండు కేంద్రాల టీచర్లకూ చెప్పిందట, జవాబు బొమ్మ చూసే ముందు పిల్లను ఎందుకని అడగండి అని. కుసుమ పేరు చెప్పిందో లేదో నాకు తెలియదు. జూన్‌లో లహరీ, హనుమేశూ ఒకటో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. లహరి ఇప్పుడు బడిలో ఒకటి అంటుంది, నా రాశి దగ్గర లాభం అంటుంది. అది నేను నేర్పలేదు, కుసుమా నేర్పలేదు. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు గట్టు దిగుతుంటే కుసుమ నా మోచెయ్యి పట్టుకుంది.

"కోపం వచ్చిందా బాబాయ్?"

"దేనికి?"

"లహరిది ఆఖరున పంపినందుకు."

"వచ్చింది" అన్నాను. "నేనైతే దానిదే ముందు పంపేవాణ్ణి."

"తెలుసు" అంది కుసుమ, తువ్వాలు ముక్కతో ట్యాబు తుడుస్తూ. "అందుకే ఆ రోజు మాన్విలో నిన్ను ట్రాక్టరు దగ్గర కూర్చోబెట్టి, ఉద్యోగం నాకిచ్చారు."